సర్వీసింగ్ తర్వాత ఇంజిన్ ఎగిరిపడుతోందా? ముందు చెయ్యి పడ్డ చోట్లు చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. గుంటూరులో మామూలు సర్వీసింగ్‌కి ఇచ్చారు. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, కూలెంట్ మార్చారు. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) విప్పి క్లీన్ చేశారు. బ్యాటరీ టెర్మినళ్లు తీసి గీకి మళ్లీ బిగించారు. ఇవ్వడానికి ముందు రోజు వరకు బండికి ఏ ఇబ్బందీ లేదు. తెచ్చుకున్న మర్నాటి నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) 750 నుంచి 1,600 దాకా లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. మూడో గేర్‌లో మెల్లగా పోతుంటే బండి ముందుకీ వెనక్కీ ఊగుతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. మళ్లీ తీసుకెళ్లి చూపిస్తే, ‘ఫ్యూయల్ పంపు వీక్ అయింది, లేదంటే థ్రాటిల్ బాడీ మార్చాలి, 18 వేలవుతుంది’ అన్నారు. మార్చమంటారా అని అడిగారు.

వద్దండీ, ఇప్పుడే ఏదీ మార్చకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా పెట్రోల్ బండ్ల పనే చేస్తున్నాను. నిన్నటిదాకా బాగున్న ఇంజిన్ సర్వీసింగ్ నుంచి రాగానే చెడిందంటే, నేను చూసినంతలో చాలాసార్లు తప్పు చెయ్యి పడ్డ చోటే దొరికింది. ఆ రోజు మీ బండిలో ఏమేం విప్పారో మీరే రాశారు. ఆ జాబితాలో ఫ్యూయల్ పంపు లేదు. అది ట్యాంకులో ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సరిగ్గా ఆ రోజే అది దానంతటదే చెడిపోవడం అసాధ్యమని అనను కానీ, వెతుకులాట అక్కడ మొదలుపెట్టకూడదు.

ముందు ఇంజిన్ ఎందుకిలా ఊగుతుందో చెప్తాను. అది అర్థమైతే ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది. దీన్ని మేం హంటింగ్ అంటాం. ఇది కొత్త జబ్బేం కాదు. పొలాల్లో ఆయిల్ ఇంజిన్లు నడిచిన రోజుల్లో గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని నిలబెట్టే పరికరం) పట్టేస్తే ఇంజిన్ ఒకసారి ఉరికి ఒకసారి చచ్చిపోయేలా మూలగడం మీ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆవిరి యంత్రాలకూ ఉండేది. గవర్నర్లు ఎందుకు ఊగుతాయో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1868లోనే లెక్కలు కట్టి చూపించాడు. వేగాన్ని ఒకచోట నిలబెట్టాల్సినవాడు ఆలస్యంగా, అవసరానికి మించి దిద్దుతూ పోతే వేగం ఊగుతుంది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

మీ బండిలో ఆ పని చేసేది ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. కాలు పెడల్ మీద లేనప్పుడు ఇంజిన్‌ని 700, 800 ఆర్‌పీఎం మధ్య నిలబెట్టాలి. దానికోసం స్పార్క్ టైమింగ్‌ని (ప్లగ్గులో నిప్పురవ్వ పడే క్షణాన్ని) కొంచెం అటూ ఇటూ జరుపుతుంది, థ్రాటిల్ బాడీలో ఉండే గుండ్రటి రేకును వెంట్రుకవాసి తెరుస్తుంది, మూస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రేకు అంచున మసి పేరుకుంటుంది, గాలి దారి సన్నబడుతుంది. ఈసీఎం దాన్ని గమనించి రేకును ఇంకాస్త ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది, ఆ లెక్కను గుర్తు పెట్టుకుంటుంది.

మా కృష్ణా డెల్టాలో కాలువ తూముల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కర్లు ఉంటారు. తూముకి ఒండ్రు పడితే నీళ్లు తగ్గుతాయి. లస్కరు తలుపు ఇంకో రెండంగుళాలు ఎత్తి చేలకు అందాల్సిన నీళ్లు అందిస్తాడు. కొన్నేళ్లకు అదే అలవాటవుతుంది. ఒకరోజు ఎవరో వచ్చి ఒండ్రంతా తీసేసి, ఆయనకి ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయారనుకోండి. ఆయన ఎప్పటిలాగే రెండంగుళాలు ఎత్తుతాడు, చేలు మునుగుతాయి. కంగారుపడి దించేస్తాడు, నీరందదు. మళ్లీ ఎత్తుతాడు. ఎంత ఎత్తితే సరిపోతుందో కుదురుకునేదాకా ఇదే తంతు. థ్రాటిల్ క్లీన్ చేసి ఈసీఎంకి చెప్పకపోతే జరిగేది కూడా ఇదే.

దీనికి ఇంకొకటి తోడవుతుంది. కాలు తీసి ఉండగా ఆర్‌పీఎం ఒక హద్దు దాటితే, మీరు వాలు దిగుతున్నారనో స్పీడు తగ్గిస్తున్నారనో అనుకుని ఈసీఎం పెట్రోలు ఆపేస్తుంది. చాలా బండ్లలో ఆ హద్దు 1,500 పైన ఎక్కడో ఉంటుంది. పెట్రోలు ఆగగానే ఇంజిన్ పడుతుంది. పడగానే ఈసీఎం మళ్లీ పెట్రోలు వదులుతుంది. లోపల గాలి అవసరానికి మించి ఉంది కాబట్టి ఇంజిన్ మళ్లీ లేస్తుంది. మీ ముల్లు ప్రతిసారీ 1,600 దగ్గరే వెనక్కి తిరుగుతోందని రాశారు చూడండి, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట అదే. ఒకే చోట తిరుగుతోందంటే ఎవరో అక్కడ ఆపుతున్నారు. ఆపుతున్నది ఈసీఎం. దానంతటదే 1,600 దాకా లేవగలుగుతున్న ఇంజిన్‌కి పెట్రోలు కరువు లేదు. గాలే ఎక్కువైంది.

ఫ్యూయల్ పంపు మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఐడిల్‌లో, అంటే పెడల్ తొక్కకుండా ఉత్తినే నడుస్తున్నప్పుడు, ఇలాంటి చిన్న ఇంజిన్ తాగేది గంటకు లీటరు లోపే. అదే నలుగురితో, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు గంటకు పది, పదిహేను లీటర్ల లెక్కన లాగుతుంది. పంపు నీరసిస్తే ముందు ఆ ఘాట్‌లో తెలుస్తుంది. పెడల్ తొక్కినా పికప్ ఉండదు, బండి ముక్కుతుంది. ఘాట్ ఎక్కగలిగిన పంపు సిగ్నల్ దగ్గర ఆ లీటరు అందించలేకపోవడం అరుదు. మీరు హైవే మీద వందలో బాగానే వెళ్తోందని రాశారు. పంపు తప్పు కాదనడానికి అది గట్టి సాక్ష్యం.

అయితే ఆ ఎక్కువ గాలి ఎటు నుంచి వస్తోంది? రెండే దారులు. ఒకటి, థ్రాటిల్ రేకు పాత లెక్క ప్రకారం ఎక్కువ తెరుచుకుంటోంది. రెండోది, రేకుతో సంబంధం లేకుండా దాని వెనక ఎక్కడో సందులోంచి ఇంజిన్ గాలి పీలుస్తోంది. రెండోదాన్ని ముందు చూడాలి. సందు ఉండగా ఈసీఎంకి ఎంత నేర్పినా తప్పు లెక్కే నేర్చుకుంటుంది.

రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. పనిముట్లు అక్కర్లేదు, ఒక టార్చి చాలు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్ వైపు పోయే లావుపాటి రబ్బరు గొట్టాన్ని వేలితో తడుముతూ వెళ్లండి. రెండు చివర్లా క్లిప్పులు బిగుతుగా ఉన్నాయా? డబ్బా మూత నాలుగు వైపులా సమంగా కూర్చుందా? ఫిల్టర్ మార్చినప్పుడు వెనక వైపు కొక్కెం సరిగ్గా దిగకుండానే ముందు క్లిప్పులు వేసేయడం తరచూ జరుగుతుంది. పైనుంచి చూస్తే మూత పడినట్టే ఉంటుంది, వెనక వేలు పట్టేంత సందు ఉంటుంది.

ఆ గొట్టం మీద వైర్ల కనెక్టరుతో ఒక చిన్న సెన్సర్ ఉందేమో చూడండి. సాధారణంగా నాలుగైదు వైర్లు వస్తే అది లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్. రెండే వైర్లుంటే గాలి వేడిని చూసేది మాత్రమే, మీ బండి గాలిని మ్యాప్ సెన్సర్‌తో (థ్రాటిల్ దాటాక లోపలి గాలి ఒత్తిడిని చూసేది) లెక్కగడుతుందన్నమాట. మన దగ్గర తిరిగే చిన్న పెట్రోల్ బండ్లలో మ్యాప్ ఉన్నవే చాలా కనిపిస్తాయి. ఈ తేడా చాలామంది పట్టించుకోరు, అందుకే తప్పుదారి పడతారు. మాఫ్ ఉన్న బండిలో ఆ లావుపాటి గొట్టానికి సందు పడినా చాలు, కొలవని గాలి లోపలికి వెళ్లి, గాలీ పెట్రోలూ కలిసిన మిక్స్చర్ పలచబడుతుంది. మ్యాప్ ఉన్న బండిలో థ్రాటిల్‌కి ముందున్న సందు వల్ల దుమ్ము వెళ్తుందే తప్ప ఐడిల్ పాడవదు. థ్రాటిల్ వెనక సందు పడితేనే ఆర్‌పీఎం లేస్తుంది. ఏది ఉన్నా కనెక్టరు టక్‌మని లాక్ అయి ఉందో లేదో ఒకసారి నొక్కి చూడండి.

తర్వాత థ్రాటిల్ బాడీ దగ్గరికి రండి. మీ సమస్య ఇక్కడే ఉండొచ్చని నా అనుమానం. దీని వెనక, పక్కన సన్న గొట్టాలు చాలా ఉంటాయి. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ మ్యానిఫోల్డ్‌లోకి (థ్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోకి) పంపే పీసీవీ గొట్టం, ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు ఆవిరిని లాగే పర్జ్ గొట్టం, బ్రేకు బూస్టర్‌కి వెళ్లే లావు గొట్టం. థ్రాటిల్ విప్పాలంటే వీటిలో రెండు మూడు ఊడదీయక తప్పదు. తొమ్మిదేళ్లు, పదేళ్లు వేడికి ఉడికిన రబ్బరు గట్టిపడి ఉంటుంది. లాగినప్పుడు చివర చీలుతుంది. మళ్లీ ఎక్కించాక పైకి బాగానే కనిపిస్తుంది, చీలిక కిందివైపు ఉంటుంది. అందుకే కళ్లతో చూసి వదిలేయకుండా ప్రతి గొట్టం చివరా వేలితో చుట్టూ తడమండి. ఎలుకలు కొరికిన గుర్తులున్నాయేమో కూడా చూడండి. వానాకాలంలో ఇది మామూలే, దానికి సర్వీసింగ్ వాళ్లను అనాల్సిన పని ఉండదు.

థ్రాటిల్ బాడీకీ మ్యానిఫోల్డ్‌కీ మధ్య రబ్బరు రింగో, ప్యాకింగో ఉంటుంది. అది గాడిలో కూర్చోకుండా మడతపడితే సందు బయటికి కనపడదు. దీని గురించి ఒక సంగతి చెప్పాలి.

ఇది పదేళ్ల కిందటి మాట. ఏలూరు నుంచి ఒకాయన ట్యాక్సీ తెచ్చాడు. అచ్చం మీ బండిలాగే, బయట ఎక్కడో సర్వీసింగ్ చేయించిన మర్నాటి నుంచి హంటింగ్. నేను అడగాల్సింది అడగలేదు. ‘ఏమేం విప్పారు’ అన్న ఒక్క ప్రశ్న వేయకుండా పంపు మీద అనుమానపడ్డాను. పంపు మార్చాను, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను. మూడు రోజులు ఆయన కిరాయిలు పోయాయి. మూడో రోజు సాయంత్రం థ్రాటిల్ విప్పితే రింగు ఒక పక్క మడతపడి నలిగి ఉంది. కొత్త రింగు వేసి స్టార్ట్ చేస్తే ముల్లు 800 దగ్గర కదలకుండా నిలబడింది. పంపు డబ్బులు తిరిగి ఇచ్చేశాను. కానీ ఆయన ఇంట్లో ఆ మూడు రోజులు ఎలా గడిచి ఉంటాయన్నది నన్ను చాలాకాలం వదల్లేదు. అప్పటి నుంచి సర్వీసింగ్ తర్వాత పాడైన బండి ఏది వచ్చినా ముందు జాబ్ కార్డు అడిగి తీసుకుని, అందులో ఉన్న పనులన్నీ వరసగా మళ్లీ చూస్తాను. మీకు వద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

కళ్లకు, వేళ్లకు దొరకకపోతే ఇంజిన్ స్టార్ట్ చేసి ఇంకో పరీక్ష చేయొచ్చు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత మెల్లగా తీయండి. చాలా ఇంజిన్లలో మూత తీయగానే ఐడిల్ మారుతుంది, కాస్త తడబడుతుంది. ఏ మార్పూ లేకపోతే గాలి అప్పటికే ఇంకెక్కడి నుంచో వస్తుండొచ్చు. పనిలో పనిగా డిప్‌స్టిక్ పూర్తిగా కిందికి దిగి ఉందో లేదో, ఆయిల్ పై గీత దాటిందో లేదో చూడండి. ఆయిల్ ఎక్కువ పోస్తే పీసీవీ గొట్టం గుండా థ్రాటిల్ వైపు చేరుతుంది, ఇప్పుడే క్లీన్ చేసిన రేకు మళ్లీ జిడ్డవుతుంది. తర్వాత బ్రేకు బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం, పర్జ్ గొట్టం ఒక్కొక్కటే మెత్తటి గుడ్డ చుట్టి ప్లయర్‌తో క్షణంసేపు నొక్కి పట్టండి. ఏది నొక్కినప్పుడు హంటింగ్ ఆగితే సందు ఆ దారిలో ఉన్నట్టు. కొందరు ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆర్‌పీఎం లేస్తుందా అని చూస్తారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన అది మంటే. మీరు మాత్రం ఆ పని చేయకండి, సబ్బు నీళ్ల స్ప్రే చాలు. షాపులో స్మోక్ మెషిన్ ఉంటే అన్నిటికంటే సుఖం. మ్యానిఫోల్డ్‌లోకి పొగ వదిలితే సందులోంచి బయటికి కనపడుతుంది, పావుగంట పని.

ఇక బ్యాటరీ. టెర్మినల్ చేత్తో తిప్పితే కదులుతోందా? నెగటివ్ వైరు బాడీకి బిగించిన బోల్టు దగ్గర వదులుందా? ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో చూస్తే బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య నిలకడగా ఉండాలి. హంటింగ్‌తో పాటు హెడ్‌లైట్లు కూడా మసకబారి వెలుగుతుంటే కారణం వైరు వదులు కావచ్చు, లేదా హంటింగ్ వల్లే అలా అవుతుండొచ్చు. బిగించి చూస్తే తేలిపోతుంది, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటేనే ఈసీఎంకి కొత్త లెక్క నేర్పే పనికి దిగాలి. సర్వీసింగ్‌లో బ్యాటరీ తీశారు కదా, నేర్చుకున్నదంతా దానంతటదే పోయి ఉంటుంది అనుకోవద్దు. కొన్ని బండ్లలో ఆ లెక్క బ్యాటరీ తీసినా చెరగని మెమరీలో ఉంటుంది, స్కానర్‌తోనే చెరపాలి. కొన్నింట్లో చెరుగుతుంది, కానీ వాళ్లు బ్యాటరీ ముందు తీసి థ్రాటిల్ తర్వాత క్లీన్ చేశారా, మధ్యలో స్టార్ట్ చేసి చూశారా అన్నదాన్ని బట్టి కథ మారుతుంది. కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది కాబట్టి మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే సరైనది. సాధారణంగా పనిచేసేది మాత్రం ఇది: పెడల్ ముట్టుకోకుండా తాళం ఆన్ చేసి పది సెకన్లు ఉంచండి, ఆఫ్ చేసి పది సెకన్లు ఆగండి, ఇలా రెండుసార్లు. ఈ లోపు థ్రాటిల్ తన రేకు పూర్తిగా మూసుకునే స్థానాన్ని కొలుచుకుంటుంది. తర్వాత ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపి స్టార్ట్ చేయండి. రేజ్ చేయకుండా రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా వదిలేయండి. ఆ తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. ఆపై ఊళ్లోనూ హైవే మీదా కలిపి యాభై కిలోమీటర్లు నడపండి. ఏసీ వేసినప్పటి లెక్క వేరుగా నేర్చుకోవాలి, అందుకే దాన్ని విడిగా చేయమంటున్నాను. స్కానర్ ఉన్న చోట ‘థ్రాటిల్ అడాప్టేషన్’ చేయమని అడిగితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

థ్రాటిల్ పక్కన ఉండే స్క్రూ తిప్పి ఐడిల్ తగ్గిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది ఫ్యాక్టరీలో పెట్టింది, ఐడిల్ కోసం కాదు. కార్బురేటర్ కాలం అలవాటుతో చేస్తారు. ఒకసారి తిప్పితే ఈసీఎంకి మొదటి కొలతే తప్పవుతుంది. ఇంకో మాట, తాళం ఆన్‌లో ఉండగా ఆ రేకులోకి వేలు పెట్టొద్దు. మోటారు ఒక్కసారిగా మూస్తే వేలు నలుగుతుంది, చేత్తో బలవంతంగా తిప్పితే లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. మీ బండిలో విరగలేదని ఆశిద్దాం. విరిగి ఉంటే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండ్లలో దాదాపు ఎప్పుడూ లైటు వెలిగి పికప్ పడిపోతుంది, మీకు అలా లేదు.

ఇప్పుడు స్కానర్ సంగతి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగకపోయినా పెండింగ్ కోడ్లు (ఈసీఎం రాసిపెట్టుకున్న తప్పుల గుర్తులు) ఉండొచ్చు. పి0171 అంటే మిక్స్చర్ పలచబడింది, పి0507 అంటే ఐడిల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది. కానీ కోడ్ల కంటే అంకెలు ఎక్కువ చెప్తాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె) రెండూ చూసి కలపండి. తర్వాత ఎవరినైనా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి పెడల్ తొక్కించి 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టించి మళ్లీ చూడండి. పది శాతం అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. ఐడిల్‌లో ప్లస్ 20, 25 ఉండి 2,500 దగ్గర ఐదుకి దిగితే గాలి సందు ఉన్నట్టు. ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ చిన్న సందు లెక్కలోకి రాదు కాబట్టి తగ్గుతుంది. దీనికి తలకిందులుగా, ఐడిల్‌లో బాగుండి లోడ్ మీద ప్లస్ 20 దాటితే అప్పుడు పెట్రోలు సరఫరాని, లేదా మాఫ్ సెన్సర్‌ని అనుమానించాలి. పంపు ప్రెషర్ కొలవాల్సింది అప్పుడే. రెండు చోట్లా ట్రిమ్ బాగుండి ముల్లు మాత్రం ఊగుతుంటే మిగిలింది థ్రాటిల్ నేర్పుడే.

మ్యాప్ సెన్సర్ బండి అయితే ట్రిమ్ ఒక్కటే నమ్మకండి, సందు ఉన్నా అది బాగానే కనిపించవచ్చు. మ్యాప్ అంకె కూడా చూడండి. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు గుంటూరు, విజయవాడలో 100 కిలోపాస్కల్ దగ్గర చూపిస్తుంది. హైదరాబాద్ ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ 95 దగ్గర ఉంటుంది, భయపడక్కర్లేదు. వేడెక్కిన ఇంజిన్ ఏసీ లేకుండా ఐడిల్‌లో ఉంటే ఇది 30, 40 మధ్యకి పడాలి. 45 దాటి ఊగుతుంటే సందు కోసం మళ్లీ వెతకాలి.

అదే తెర మీద కూలెంట్ టెంపరేచర్ కూడా చూడండి. దీన్ని తేలిగ్గా వదిలేయకండి, మీకు కూలెంట్ మార్చారు. సరిగ్గా గాలి తీయకుండా పోస్తే పైపుల్లో గాలి బుడగ నిలుస్తుంది. అది టెంపరేచర్ సెన్సర్ దగ్గర చేరితే అంకె 90 నుంచి ఒక్కసారి 70కి పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఇంజిన్ చల్లబడిందనుకుని ఈసీఎం ఐడిల్ పెంచుతుంది, వేడెక్కిందనుకుని తగ్గిస్తుంది. హీటర్ ఫుల్‌లో పెట్టినా ఇంజిన్ వేడిగా ఉండగానే చల్లగాలి వస్తే అనుమానం దాదాపు నిజమే. మన వైపు హీటర్ ఎవరూ వాడరు కాబట్టి ఇది ఎవరి దృష్టికీ రాదు. వదిలేస్తే హంటింగ్‌తో పోదు, ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే ప్యాకింగ్) పాడయ్యేదాకా వెళ్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అంటే కనీసం మూడు నాలుగు గంటలు ఆపి ఉంచాక మాత్రమే మూత తీసి లెవల్ చూడండి. వేడి మీద మూత తీసి ముఖం కాల్చుకున్నవాళ్లను నేను చూశాను. బుడగ తీయించే పని మాత్రం షాపులోనే చేయించండి.

ప్లగ్గుల గురించి ఎక్కువ చెప్పను. ప్లగ్గు గానీ దానికి కరెంటిచ్చే కాయిల్ గానీ తప్పయితే ఇంజిన్ ఊపిరి పీల్చినట్టు లయగా ఊగదు, తడబడుతూ వణుకుతుంది, దాన్ని మేం మిస్సింగ్ అంటాం. మీరు చెప్పింది లయగా ఊగడం. కాయిల్ కనెక్టర్లు లాక్ అయ్యాయో లేదో చూసి ముందుకు వెళ్లండి.

డీజిల్ బండి ఉన్నవాళ్లు ఇది చదివి థ్రాటిల్ వెంట పడొద్దు. డీజిల్‌లో ఫిల్టర్ మార్చిన తర్వాత ఇలా ఊగితే ముందు చూడాల్సింది డీజిల్ లైనులో గాలి. ఫిల్టర్ కింద ఓ రింగ్ సరిగ్గా కూర్చోలేదా, ప్రైమర్ పంపుతో (చేత్తో నొక్కి డీజిల్ లాగే చిన్న పంపు) గాలి పూర్తిగా తీయలేదా అన్నది చూడాలి.

బండి ఈ స్థితిలో నడపొచ్చా అని కూడా అడిగారు. 1,600 దాటనంతవరకు ఊళ్లో జాగ్రత్తగా షాపుదాకా వెళ్లొచ్చు. క్లచ్ వదిలేటప్పుడు ముందు బండికి దూరం ఎక్కువ ఉంచండి. దానంతటదే రెండు వేలు దాటి పోతుంటే మాత్రం నడపకండి, టోయింగ్ పిలవండి. దారిలో ఎప్పుడైనా పెడల్ వదిలినా బండి ఉరుకుతుంటే బ్రేకు మీద గట్టిగా కాలు వేసి, గేర్ న్యూట్రల్‌కి తెచ్చి, పక్కకు ఆపాక ఇంజిన్ ఆపండి. నడుస్తుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ కావచ్చు. ఇంటి నుంచి బయల్దేరేముందు డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ కూడా ఒకసారి చూడండి. సర్వీసింగ్‌లో కడిగి పరిచినప్పుడు ముందుకు జరిగి పెడల్‌కి తగులుతుంటుంది. అమెరికాలో 2009లో టయోటా లక్షల బండ్లను రీకాల్ చేసింది ఈ మ్యాట్లు పెడల్‌కి అడ్డం పడుతున్నాయనే.

షాపుకి వెళ్లినప్పుడు గొడవ పడొద్దు, కానీ మెత్తబడొద్దు. జాబ్ కార్డు తీసి ముందు పెట్టి, ‘ఈ పనులకు ముందు బండి బాగుంది, విప్పిన ప్రతి చోటూ నా ముందే మళ్లీ చూడండి, థ్రాటిల్ రింగు కొత్తది వేయండి, అడాప్టేషన్ చేయండి, కూలెంట్ గాలి తీయండి’ అని చెప్పండి. ఇవి సర్వీసింగ్‌లోనే పూర్తి కావాల్సిన పనులు, వీటికి వేరే బిల్లు అడగడం న్యాయం కాదు. అప్పటికీ పంపు మార్చాలంటే ప్రెషర్ గేజ్ పెట్టి మీకు అంకె చూపించమనండి. ఇలాంటి ఇంజిన్లలో సాధారణంగా మూడు నుంచి నాలుగు బార్ మధ్య ఉంటుంది. మీ మోడల్‌కి ఎంత ఉండాలో మాన్యువల్‌లో చూపించమని అడగండి. అంకె తక్కువ వస్తే నా మాట వదిలేసి పంపు మార్పించుకోండి.

గొట్టాలు తడమడం, స్కానర్ పెట్టడం రేపు ఒక్క పూట పని. మీకు దొరికిన అంకెలు, అంటే వేడి ఇంజిన్ ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ మొత్తం, 2,500 దగ్గర ఎంత, మ్యాప్ లేదా మాఫ్ ఎంత, కూలెంట్ టెంపరేచర్ నిలకడగా ఉందా లేదా అన్నది రాయండి. బానెట్ ఎత్తి థ్రాటిల్ దగ్గర రెండు పక్కల నుంచీ ఫొటోలు తీసి పెట్టండి. సాయంత్రం షాపు మూసేలోపు చూసి చెప్తాను.